యాకూబు కొలిచిన ఐదు డిగ్రీలు

యాసంగి కోతలు ముగిసి హార్వెస్టర్లన్నీ ఊళ్లు దాటి వెళ్లిపోయాక, ఎల్లారెడ్డిలోని యాకూబు ట్రాక్టర్ల మెకానిక్ షెడ్డుకు ఏడాది మొత్తంలో ఒక్క నెల తీరిక దొరుకుతుంది. ఆ నెలలోనే కూతురు కృపాజ్యోతి తన కారును తెచ్చి షెడ్డు మధ్యలో నిలబెట్టింది.

ఆ కారును చూస్తే యాకూబుకు మొదట్లో నవ్వొచ్చేది. రెండే సీట్లు. ఎత్తు ఛాతీ దాకా కూడా రాదు. డిక్కీలో యూరియా బస్తా పట్టదు. ఇరవై ఏళ్ల కిందట జపానులో తయారై, హైదరాబాదులో ముగ్గురి చేతులు మారి, చివరికి ఇంజను వేడెక్కి ఆగిపోయాక పాత సామాను కింద కృపాజ్యోతికి దక్కింది. ఆమె కామారెడ్డిలో ఒక కార్ల సర్వీసు సెంటర్లో సూపర్‌వైజరు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటుంది, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొస్తుంది.

"ఏం జేస్తవు బిడ్డా దీంతోని?" అని తెచ్చిన రోజున అడిగాడు యాకూబు.

"ఉరికిస్త బాపు."

"ఏడ ఉరికిస్తవు? మన రోడ్డు మీదనా?"

"రోడ్డు మీద గాదు. హైదరాబాదు అవతల ట్రాకు ఉన్నది. ఒక్కొక్కళ్లను ఇడుస్తరు, టైము రాసుకుంటరు. ఎవలి టైము తక్కువైతే వాళ్లు ముంగట."

ముప్పై ఏళ్లు నిండని పిల్ల, మంచి ఉద్యోగం, చేతినిండా పని. దానికి ఇంకా ఈ ఉరుకులెందుకో యాకూబుకు అర్థం కాలేదు. కానీ ఇంజను విప్పిన రోజున తండ్రీకూతుళ్లు మధ్యాహ్నం అన్నం సంగతి మరిచిపోయారు. తల్లి సాలవ్వ వచ్చి ఇద్దరినీ తిట్టి లోపలికి తీసుకుపోవాల్సి వచ్చింది.

వేడికి వంకరపోయిన ఇంజను హెడ్డును, అంటే దాని పైమూతను, కామారెడ్డిలో మిషన్ మీద చెక్కించి, సాపు చేయించి తెచ్చింది కృపాజ్యోతి. పాత యజమాని ఎవరో అప్పటికే ఒకసారి చెక్కించి ఉన్నాడు. వాల్వులను మామూలు కంటే ఎక్కువగా తెరిచే క్యాంషాఫ్టులు కూడా అతనే వేయించాడు. అన్నీ మళ్లీ బిగించాక టైమింగ్ బెల్టు మాత్రం యాకూబే ఎక్కించాడు. అది తన పని అన్నాడు.

ఆ పనంటే ఆయనకు అంత పట్టింపు. ఇంజనులో పిస్టన్లు కిందికీ పైకీ ఆడుతుంటే, పైన వాల్వులు ఏ క్షణాన తెరుచుకోవాలో, ఏ క్షణాన మూసుకోవాలో చూసేవి క్యాంషాఫ్టులు. ఈ కారుకు అవి రెండు: గాలి పీల్చే వైపు ఒకటి, పొగ వదిలే వైపు ఒకటి. కింద క్రాంకు తిరిగితే పళ్ల బెల్టు ఆ రెండింటినీ తిప్పుతుంది. పుల్లీల మీద కంపెనీవాళ్లు చిన్న గీతలు పెట్టి ఇస్తారు. గీతకు గీత కలిపి బెల్టు ఎక్కిస్తే చాలు, మిగతాది ఇంజనే చూసుకుంటుంది. వయసులో ఉన్నప్పుడు పెద్దకొడప్‌గల్‌లో ఒక రైతు నీళ్ల ఇంజనుకు తొందరలో ఒక పన్ను తప్పించి బిగించాడు యాకూబు. స్టార్టు చేసిన మరుక్షణం వాల్వులు వంగిపోయాయి. నీళ్లు లేక ఆ రైతు పొలంలో ఒక మడి ఎండిపోయింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే యాకూబును ఎక్కువ బాధపెట్టింది. ఆనాటి నుంచి గీతలు మూడుసార్లు చూడందే ఆయన తాళం తిప్పనివ్వడు.

ఈ కారుకూ మూడుసార్లు చూశాడు. గీతలన్నీ కలిశాయి. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. కానీ రోడ్డు మీదికి తీసుకుపోయి వచ్చిన కృపాజ్యోతి మొహంలో సంతోషం లేదు.

"గుంజుతలేదు బాపు. ఇంజను జోరు మీద ఉంటె జరంత ఉరుకుతది గని, కింద, మెల్లగ తిరిగేటప్పుడు, అసలే సోయి లేదు."

"కొత్తగ కట్టింది గదా. నాలుగు దినాలు తిరిగితే సదురుకుంటది," అన్నాడు యాకూబు.

సర్దుకోలేదు. ఆ తర్వాతి శనివారం ఆమె బస్సు దిగి వస్తూ చేతిలో ఒక అట్టపెట్టె తెచ్చింది. అందులో రెండు పుల్లీలున్నాయి. నీలం రంగు వేసి, నిగనిగలాడుతూ, పండుగకు కొన్న స్టీలు గిన్నెల కంటే అందంగా ఉన్నాయి. సాలవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"గింత సక్కటిదాన్ని ఆ నూనెల పెడతరా?" అంది.

యాకూబు రెండోది తీసుకున్నాడు. పళ్లున్న చుట్టు వేరు, లోపలి బిళ్ల వేరు. రెండింటినీ కలుపుతూ ఐదు బోల్టులు. బోల్టులు దూరే రంధ్రాలు గుండ్రంగా లేవు, సొరకాయ గింజల్లా పొడుగ్గా ఉన్నాయి. బోల్టులు వదులు చేస్తే లోపలి బిళ్లను కాస్త ముందుకో వెనక్కో జరపవచ్చు. పక్కనే సన్నని గీతలు, అంకెలు.

"ఇవేంది?"

"జరిపే పుల్లీలు బాపు. క్యాముల టైమింగు ఒక్కొక్క డిగ్రీ మార్చుకోవచ్చు."

"గీతలు కలిసినంక ఇంక మార్చేదేముంటది?"

కృపాజ్యోతి ఆయన చేతిలోని పుల్లీని తీసుకుని పెట్టెలో పెట్టింది.

"అంటే నేను కట్టింది తప్పనా?" అన్నాడు యాకూబు.

"గట్ల అనలే బాపు."

"మరి గివెందుకు తెప్పిచ్చినవు?"

ఆమె తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత పెట్టె మూత పెడుతూ, "ఊకెనే తెప్పిచ్చిన. అందరు ఏస్తున్నరని," అంది.

అది అబద్ధమని యాకూబుకు తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచి ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పేటప్పుడు చేతికి ఏదో ఒక పని పెట్టుకుంటుంది. ఆ మాటకంటే, తనకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందన్నదే ఆయన్ను పొడిచింది. ఆదివారమంతా కారు వైపు పోలేదు. పక్కింటివాళ్ల మోటారు బాగుచేసే నెపంతో పొద్దు గడిపాడు. సోమవారం పొద్దున్న కృపాజ్యోతి కామారెడ్డి బస్సెక్కుతూ, "పోయొస్త బాపు," అంటే, "మంచిది," అని మాత్రం అన్నాడు.

ఆ రోజంతా సాలవ్వ చూసింది. రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పుల్లీ నీ కంటె సక్కగున్నదని కోపమా?"

"నువ్వు ఊకో."

"ఊకుంట గని, అది ఎందుకు తెప్పిచ్చిందో నీకు తెలుసా?"

"నేను సరిగ కట్టలేదని."

"కట్టినవో లేదో సూడరాదు? చేతులున్నయి, కండ్లున్నయి. గిట్ల మొఖం ముడుసుకుంటె తెలుస్తదా?"

మంగళవారం తెల్లారగట్లే యాకూబు షెడ్డు తీశాడు. కూతురు టూల్ పెట్టెలో డిగ్రీలు గుర్తులు పెట్టిన గుండ్రని రేకు పళ్లెం ఒకటి ఉంది. దాన్ని క్రాంకుకు బిగించాడు. పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడు ముల్లు సున్నా మీదికి వచ్చేలా సర్దాడు. వాల్వు ఎంత దిగుతుందో చూడటానికి తన డయల్ గేజిని పైన నిలబెట్టాడు. ఆ గేజి ఆయన దగ్గర ముప్పై ఏళ్లుగా ఉంది, దాని అద్దం మీద గీత పడినా ముల్లు మాత్రం వెంట్రుకవాసి తప్పదు.

అయితే ఒక చిక్కు వచ్చింది. పైన గేజి, కింద పళ్లెం, మధ్యలో క్రాంకు తిప్పడం. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సాలవ్వ చాయ్ తెచ్చింది.

"జర కూసో. ఈ ముల్లు ఏ అంకె మీద ఉన్నదో నేను అడిగినప్పుడు చెప్పాలె," అన్నాడు.

సాలవ్వ కొంగు నడుముకు దోపి, కళ్లద్దాలు పెట్టుకుని పీట వేసుకుని కూర్చుంది. యాకూబు పానాతో క్రాంకును మెల్లగా తిప్పసాగాడు. వాల్వు పూర్తిగా తెరుచుకోవడానికి ఒక మిల్లీమీటరు ముందు ఆపి, "ఎంత?" అన్నాడు.

"డెబ్బై ఎనిమిది."

వాల్వు అడుగుదాకా దిగి, మళ్లీ ఒక మిల్లీమీటరు పైకి లేచాక ఆపాడు. "ఇప్పుడు?"

"నూట నలభై ఎనిమిది."

రెండూ కలిపి సగం చేస్తే, గాలి వాల్వు నిండుగా తెరుచుకునేది ఎక్కడో తెలుస్తుంది. నూట పదమూడు. క్యాంషాఫ్టుతో వచ్చిన కాగితం కూతురు పెట్టెలోనే ఉంది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా అంకెలు చదవడానికి ఆయనకు ఇబ్బంది లేదు. కాగితంలో ఉన్నది నూట ఎనిమిది.

"మల్ల సూద్దాం," అన్నాడు.

మళ్లీ చూశారు. డెబ్బై ఎనిమిది, నూట నలభై ఎనిమిది. మూడోసారి పళ్లెం విప్పి, కొత్తగా బిగించి చూశారు. సాలవ్వ అంకె చెప్పబోయే ముందే ఆయనకు అర్థమైంది. ఐదు డిగ్రీలు ఆలస్యం. పుల్లీల మీది గీతలు చూస్తే అప్పటికీ గీతకు గీత కలిసే ఉన్నాయి.

"ఏమైంది?" అంది సాలవ్వ.

"నేను కట్టింది సరిగనే ఉన్నది. ఇంజను మాత్రం సరిగ లేదు," అన్నాడు యాకూబు. ఆ మాట తనకే వింతగా వినిపించింది.

సాలవ్వ చల్లారిన చాయ్ గ్లాసు చేతికిచ్చింది. "మరి పోయి తెలుసుకో. గీడ కూసుంటె ఏమొస్తది?"

కామారెడ్డిలో లింగయ్య లేత్ మిషన్ ఉంది. ఇద్దరూ ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాళ్లు. యాకూబు ఇంజన్ల వైపు, లింగయ్య లేత్ వైపు వెళ్లారు. లింగంపేట, తాడ్వాయి మీదుగా బస్సు పోతున్నంతసేపూ యాకూబు కిటికీలోంచి బయటికి చూశాడే గానీ ఏదీ కంటికి ఆనలేదు. గీతలు కలిశాక వాల్వు ఎందుకు ఆలస్యమవుతుంది? బెల్టు సాగిందా? బెల్టు కొత్తది. పుల్లీ అరిగిందా? దాన్ని చేత్తో తడిమి చూశాడు, అరగలేదు.

లింగయ్య చెప్పిందంతా విని, మిషన్ ఆపి, ఒక్క ప్రశ్న వేశాడు.

"హెడ్డు ఎంత చెక్కిచ్చిండ్రు?"

"రెండుసార్లు కలిపి మిల్లీమీటరున్నర."

"మన ట్రాక్టర్లల్ల క్యాము ఏడుంటది?"

"కింద. క్రాంకు పక్కకు. పళ్ల చక్రానికి పళ్ల చక్రం."

"మరి ఈ కారుకు?"

యాకూబుకు అప్పుడు వెలిగింది. నలభై ఏళ్లు ఆయన చేతిలో నడిచిన ఇంజన్లలో క్యాంషాఫ్టు కింద ఉండేది. హెడ్డు ఎంత చెక్కినా దానికీ టైమింగుకూ సంబంధం ఉండేది కాదు. ఈ కారులో క్యాములు హెడ్డు మీదే కూర్చుని ఉన్నాయి. హెడ్డును చెక్కితే అవీ మిల్లీమీటరున్నర కిందికి దిగాయి. ఆ మేరకు బెల్టు వదులైంది. ఆ వదులును బెల్టును బిగువుగా పట్టి ఉంచడానికి ఒక పక్కనున్న టెన్షనరు లాక్కుంది. క్యాములు అంత మేర వెనకబడ్డాయి. గీతలు కంటికి కలిసినట్టే కనబడతాయి, ఆ కాస్త తేడా కంటికి ఆనదు.

"దానికి మూడు డిగ్రీలు పోతది," అన్నాడు లింగయ్య సుద్దముక్కతో బండ మీద లెక్క వేసి. "కడమ రెండు ఆ క్యాంషాఫ్టు చెక్కినోని చేతిల తేడా అయ్యుంటది."

"ఒక పన్ను జరిపితె?"

"ఒక్క పన్ను జరిపితె క్రాంకు కాడ పదిహేను డిగ్రీలు. నీకు గావాల్సింది ఐదు. పన్ను జరపొద్దు. పుల్లీని, క్యామును కలిపే పిన్ను ఉంటది సూడు, దాన్ని పక్కకు జరిగినట్టు వంకరగ చేసిస్త. సగం పుల్లీల, సగం క్యాముల, నడుమ తేడా అర మిల్లీమీటరు కంటె జరంత ఎక్కువ. ఐదు డిగ్రీలు అదే ఎక్కుతది. మల్ల జారే పనే ఉండది."

ఆ మాట యాకూబుకు నచ్చింది. బోల్టులతో పట్టి ఉండే ఆ నీలం పుల్లీల మీద ఆయనకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మిషన్ పక్కనే నిలబడి చూశాడు. వేలి గోరంత పిన్ను. మొదటిది లింగయ్యకే నచ్చక చెత్తలో వేశాడు. రెండోది విరిగింది. మూడోది గేజి కింద పెట్టి చూసి, నూనెలో ముంచి, కాగితంలో చుట్టి యాకూబు జేబులో పెట్టాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకు యాకూబు సర్వీసు సెంటరు గేటు దగ్గర నిలబడ్డాడు. కృపాజ్యోతి తండ్రిని చూసి భయపడి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది బాపు? అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది. నీ ఇంజను ఐదు డిగ్రీలు ఎనుక ఉన్నది."

ఆమె ఆగిపోయింది. "నువ్వు కొలిసినవా?"

"మీ అవ్వ, నేను. మూడుసార్లు."

కృపాజ్యోతి తల దించుకుంది. గేటు పక్కన సిమెంటు గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నీకు ముందే ఎరుకనా?" అడిగాడు యాకూబు.

"అనుమానమున్నది. హెడ్డు చెక్కిస్తె గట్లయితదని చదివిన."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వు గీతలు కలిపి గింత మురిసిపోయినవు. తప్పంటె నీకు మనసుల పెట్టుకుంటవని..."

"తెల్వనిది చెప్తె మనసుల పెట్టుకుంటనా? ఊకెనే తెప్పిచ్చిన అన్నవు జూడు, అది పెట్టుకున్న. రెండు దినాలు నాకు అన్నం సయించలే బిడ్డా."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తండ్రి మోచేతిని పట్టుకుంది. "ఇంకోపారి గట్ల చెయ్య బాపు."

"నాకు రానిది నీకొస్తె నాకు చిన్నతనమేంది? నేర్పియ్యి. నీకు పానాలు ఎవలు నేర్పిండ్రు?"

"నువ్వే."

"ఇప్పుడు నువ్వు నేర్పియ్యి."

"నీ పుల్లీలు జారుతయి, ఇది జారదు," అంటూ జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. కృపాజ్యోతి విప్పి, పిన్నును వెలుతురుకు ఎత్తి చూసింది. సగం దగ్గర వెంట్రుకంత జరిగి ఉన్న ఆ చిన్న ముక్క ఏమిటో ఆమెకు వెంటనే తెలిసింది. దాన్ని మళ్లీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. తర్వాత డబ్బా తెరిచి తన అన్నంలో సగం తండ్రికి పెట్టింది.

శనివారం సాయంత్రం షెడ్డులో కొత్త పంచాయితీ మొదలైంది.

"నీ పిన్నే ఏద్దాం బాపు," అంది కృపాజ్యోతి.

"వద్దు. నీ పుల్లీలే ఏద్దాం."

"అవి జారుతయని నువ్వే అంటివి గదా?"

"అన్న. ఇప్పుడు ఆలోచన చేసిన. పిన్ను ఏస్తె ఐదే. ఐదు కాక ఆరు మంచిదైతే? నాలుగు మంచిదైతే? కాయితం మీద రాసిన అంకె ఈ ఇంజనుకు అచ్చంగ సరిపోతదని ఎవలు జెప్పిండ్రు? పుల్లీ ఉంటె మార్చి సూసుకోవచ్చు."

"గంత కష్టపడి చేయిచ్చుకొచ్చినవు."

"నువ్వు గంత ఆశపడి తెప్పిచ్చుకున్నవు."

ఒకరి కోసం ఒకరు తగ్గుతూ, అదే మాట మీద గొంతులు పెంచుకున్నారు. దారిన పోయేవాళ్లు తొంగి చూసేంత అయింది. సాలవ్వ బయటికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఇద్దరు ఒక్కటే మాట అనుకుంట ఎందుకు కొట్లాడుతున్నరు? పుల్లీలు ఎయ్యిండ్రి. రేపు అవి జారితె పిన్ను ఉండనే ఉన్నది. రాండ్రి, మక్క రొట్టెలు సల్లారుతున్నయి."

మరుసటి రోజు చర్చి నుంచి రాగానే పని మొదలుపెట్టారు. పుల్లీలు బిగించి, గాలి వైపు క్యామును ఐదు డిగ్రీలు ముందుకు జరిపారు. సాలవ్వ పీట మీద కూర్చుని అంకె చెప్పింది. లెక్క నూట ఎనిమిదికి వచ్చింది. బోల్టులు బిగించాక యాకూబు కూతురి గోళ్ల రంగు సీసా అడిగి తీసుకుని, ప్రతి బోల్టు తల మీంచి పుల్లీ మీదికి సన్నగా గీత గీశాడు. బోల్టు కదిలినా, పుల్లీ జరిగినా ఆ గీత తెగుతుంది.

"ఇంకో నాలుగు డిగ్రీలు ముంగటికి పెట్టి సూద్దామా బాపు?" అంది కృపాజ్యోతి. "కింద ఇంకా గుంజుతదంటున్నరు."

"ఎవలు?"

"ఇంటర్నెట్‌ల."

"వాళ్ల హెడ్డు మిల్లీమీటరున్నర చెక్కిచ్చిండ్రా?"

ఆమె నవ్వింది. అయినా ఆమె మనసు దాని మీదే ఉందని గ్రహించి యాకూబు ఒప్పుకున్నాడు. నాలుగు డిగ్రీలు జరిపారు. ఆమె తాళంచెవి వైపు చెయ్యి చాపితే ఆయన ఆపాడు.

"ముందు చేత్తోని. రెండు నిండు సుట్లు."

పానా క్రాంకుకు తగిలించి మెల్లగా తిప్పసాగాడు. కృపాజ్యోతి పక్కనే గొంతుక్కూర్చుంది. మొదటి చుట్టు సగం దాటాక ఆయన చెయ్యి ఆగిపోయింది. బయటికి ఏ చప్పుడూ రాలేదు. పానా గట్టిగా అడ్డుకోలేదు కూడా. ఏదో మెత్తగా, నెమ్మదిగా తగిలినట్టుంది, అంతే.

"పట్టుకో," అన్నాడు. కూతురి చెయ్యిని పానా మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టాడు. "తెలుస్తుందా?"

"ఊఁ," అంది ఆమె మెల్లగా.

"గాలి వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. హెడ్డు కిందికొచ్చింది, క్యాము ఎత్తెక్కువ లేపుతది, ఇప్పుడు తొందరగ తెరుసుకుంటుంది. నువ్వు తాళం తిప్పి ఉంటె..."

పెద్దకొడప్‌గల్‌లో వంగిపోయిన వాల్వులు ఆయనకు గుర్తొచ్చాయి. కృపాజ్యోతి చాలాసేపు పానా మీదినుంచి చెయ్యి తీయలేదు. ఆ తగులుడు ఎలా ఉంటుందో ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"నేనైతె తిప్పేసేదాన్ని బాపు," అంది.

"ఇప్పటి సంది తిప్పవు."

మళ్లీ వెనక్కి, ఐదు డిగ్రీల దగ్గరికే తెచ్చారు. ఆయన రెండుసార్లు, ఆమె రెండుసార్లు చేత్తో తిప్పారు. ఎక్కడా తగలలేదు. గీతలు కొత్తగా గీసి, కవరు బిగించి, అప్పుడు తాళం తిప్పారు.

లింగంపేట వైపు రోడ్డు మీద రైతులు ఇంకా అక్కడక్కడా వడ్లు ఆరబోసుకుని ఉన్నారు. అవి దాటేదాకా కృపాజ్యోతి కారును నడిపించినట్టే నడిపింది. యాకూబు పక్క సీట్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు వచ్చాక మూడో గేరులో ఉండగానే ఆమె కాలు మెల్లగా నొక్కింది. ఇంతకుముందు అక్కడ కారు మూలుగుతూ ఆలోచించేది. ఇప్పుడు యాకూబు వీపు సీటుకు అతుక్కుంది. ఆయన చేత్తో డాష్‌బోర్డు పట్టుకుని, "అబ్బో" అన్నాడు.

"మంచిగున్నదా బాపు?"

"స్పీడ్ బ్రేకరున్నది ముంగట, సూడు," అన్నాడు. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు.

రెండు వారాల తర్వాత ట్రాకుకు ఇద్దరే పోయారు. సాలవ్వ వెళ్లేముందు కారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, టమాట తొక్కు, రొట్టెలు కట్టిచ్చింది. అక్కడ పదకొండు కార్లు వచ్చాయి. కొన్నింటి పక్కన కంప్యూటర్లు, వైర్లు, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న మనుషులు. యాకూబు గోడ పక్కన నిలబడి తన ఇంజను చప్పుడు మాత్రమే విన్నాడు. మలుపులో గేరు తగ్గిస్తున్నప్పుడు, మళ్లీ లేస్తున్నప్పుడు ఆయన కుడిచెయ్యి తెలియకుండానే పిడికిలి బిగించేది, విడిచేది. మొదటి విడత అయ్యాక కారు రాగానే టైము ఎంతని అడగలేదు. కవరు విప్పి గోళ్ల రంగు గీతలు చూశాడు. ఒక్కటీ తెగలేదు. అప్పుడు, "మంచిగ ఉరికిచ్చినవు," అన్నాడు.

కిందటి ఏడాది స్నేహితురాలి కారుతో అదే ట్రాకులో కృపాజ్యోతి ఒక నిమిషం నలభై ఒక్క సెకన్లు తీసుకుంది. ఈసారి తన సొంత ఇంజనుతో ఒక నిమిషం ముప్పై ఎనిమిది. పదకొండు మందిలో నాలుగో స్థానం. బహుమతులు మూడింటికే. ఆమెకేమీ చింత లేదు. పక్క కారు తాలూకు కుర్రాడొకడు వచ్చి, "అంకుల్, ఇన్‌టేక్ క్యాము ఎన్ని డిగ్రీలు పెట్టారు?" అని యాకూబును అడిగాడు.

"ఐదు," అన్నాడు యాకూబు. ఆ కుర్రాడు ఫోనులో రాసుకుంటుంటే కంగారుగా అతని చెయ్యి పట్టుకున్నాడు. "గది మా ఇంజనుకు. నీ ఇంజనుకు ఎంతనో కొలిస్తెనే తెలుస్తది. చేత్తోని తిప్పి సూసినంకనే స్టార్టు చెయ్యి."

ఆ కుర్రాడు అక్కడే కూర్చుండిపోయాడు. కొలవడం ఎట్లాగో అరగంట సేపు చెప్పించుకున్నాడు. కృపాజ్యోతి రొట్టెలు విప్పి ముగ్గురికీ పెట్టింది.

వానలు దగ్గరపడ్డాయి. షెడ్డు ముందర మళ్లీ ట్రాక్టర్లు వరుస కట్టాయి. బుధవారం పొద్దున్న రాజంపేట నుంచి వచ్చిన ఒక ట్రాక్టరు కింద పడుకుని నూనె కారుతున్న చోటు వెతుకుతున్న యాకూబు, ఉన్నట్టుండి బయటికి జరిగి, చేతులు గుడ్డకు తుడుచుకుని ఫోను తీశాడు.

"జ్యోతీ, ఒక సంగతి అడుగుత. పొగ వైపు క్యాము ఉన్నది గదా, దాన్ని రెండు డిగ్రీలు ముంగటికి పెడితె ఎట్లుంటది? గా వైపు తగిలే భయం తగ్గుతది గదా?"

"బాపు, మీటింగుల ఉన్న."

"జర రెండే నిమిషాలు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. "చెప్పు," అంది కృపాజ్యోతి.

రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. ట్రాక్టరు రైతు సాలవ్వ ఇచ్చిన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, ఎవరితో అంత మాట్లాడుతున్నాడని అడిగాడు. బిడ్డతోనని చెప్పింది సాలవ్వ. శనివారం పళ్లెం, గేజి సిద్ధంగా పెడతానని యాకూబు ఫోనులో చెబుతున్నాడు. అంకెలు చదవడానికి మీ అవ్వను ఇప్పుడే అడిగి ఉంచుతానని కూడా చెప్పాడు.